మైనం మూత

ధారావాహిక: పద్నాలుగో వారం

పోయిన వారం సుజానాని బంకు గేటు దగ్గర, మీటరు పెట్టె పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె ఒళ్ళో సంచీ ఉంది. సంచీలో మూడు ఫ్యూజులున్నాయి. ఆ పెట్టెలోంచి అవి పీకింది తనే. బూరుగుమెట్ట మహిళా సంఘం వాళ్ళ పెట్రోలు బంకు ఆ రోజు పదకొండింటికి తెరవాలి. రిబ్బను కట్టారు, మామిడాకులు కట్టారు, లంబసింగి రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కూడా కట్టారు. తీరా పొద్దున్న ఏడింటికి, బంకుకి వైరింగు చేసిన సుజానా బోర్డు గది తలుపు తీస్తే గుప్పుమని పెట్రోలు వాసన కొట్టింది. పెట్రోలు ఉండాల్సింది రోడ్డు వైపు పంపు మిషన్ల దగ్గర. మెయిన్ బోర్డున్న గదిలోకి దాని వాసన కూడా రాకూడదు. రాత్రి ఎవరో ఆర్పడం మర్చిపోయిన ట్యూబులైటు గదిలో ఇంకా వెలుగుతోంది. సుజానా ఆ స్విచ్చి కూడా ముట్టుకోలేదు. తలుపూ కిటికీలూ బార్లా తెరిచి, బయటికి పరిగెత్తి, గేటు దగ్గరే మొత్తం కరెంటు తీసేసింది. పక్క గదిలో కాఫీ కాస్తున్న ఆడవాళ్ళ చేత పొయ్యి ఆర్పించింది. అప్పుడు రోడ్డెక్కి కాంట్రాక్టరు రవిబాబుకి ఫోను చేసి, "ఒకసారి రండి సార్" అంది.

రవిబాబు జీపు తొమ్మిదిన్నరకి వచ్చింది. అప్పటికి మంచు చెట్ల నడుముల దాకా దిగింది. ఇస్త్రీ చొక్కా మీద కొత్త స్వెట్టరు వేసుకుని దిగాడాయన. రవిబాబు దుర్మార్గుడని నేను చెప్పను. కూలీలందరినీ పేరు పెట్టి పిలుస్తాడు, జ్వరమొస్తే మాత్ర కొనిస్తాడు. ఆయన జబ్బల్లా ఒకటే, తేదీ. చెప్పిన తేదీకి పని అయిపోయిందనిపించాలి. నిజంగా అయిందా లేదా అన్నది తరవాత చూసుకోవచ్చనుకుంటాడు.

"ఫ్యూజులు ఇలా ఇవ్వమ్మా" అన్నాడు చెయ్యి చాపి.

"ఇవ్వను సార్."

ఏడాదిన్నరగా "అలాగే సార్" తప్ప ఇంకో మాట వినలేదు రవిబాబు ఆమె నోట. చాపిన చెయ్యి అలాగే ఉంచి ఒకసారి గేటు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు.

"రిబ్బను కత్తిరించే పెద్దాయన నర్సీపట్నంలో బయల్దేరారు. తమాషాగా ఉందా నీకు?"

"బోర్డు గదిలో పెట్రోలు వాసనొస్తోంది సార్. పైపుకి సీలు లేదు."

"సీలు వేశాం. ఇదిగో ఫోటో" అంటూ ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. ఫోటోలో సీలు పెట్టె తళతళలాడుతోంది, కొత్తగా వెండి రంగు పూసి.

"ఇది మూత ఫోటో సార్. లోపల ఏముందో ఫోటోలో కనబడదు."

ఈ సీలు గొడవేంటో పాఠకులకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పంపు మిషను దగ్గర్నుంచి బోర్డు గది దాకా భూమిలో ఒక ఇనుప పైపు వస్తుంది. దాని లోపల వైర్లుంటాయి. వైర్లు పైపుని పూర్తిగా నింపవు కదా, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోంచి పెట్రోలు ఆవిరి మెల్లగా నడుచుకుంటూ వచ్చేస్తుంది. అందుకని పైపు భూమిలోంచి పైకి తేలే చోట, గది లోపల గోడ పక్కన, ఒక ఇనుప పెట్టె బిగిస్తారు. అందులో వైర్ల మధ్య దూది లాంటి పీచు కూరి, బూడిద రంగు పొడిని నీళ్ళతో కలిపి పోస్తారు. అది గట్టిపడి రాయి అవుతుంది. ఇక వైరులో కరెంటు పోతుంది గానీ పైపులో గాలి పోదు. సుజానా ఐటీఐలో చదువుకున్న చదువంతా ఒక ఎత్తు, ఈ ఒక్క సీలూ ఒక ఎత్తు. అది లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో స్విచ్చి వేస్తారు. ఆ స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

ఈలోపల సంఘం ప్రెసిడెంటు కనక కొంగు బిగించుకుంటూ వచ్చింది. వెనకాల పదకొండు మంది ఆడవాళ్ళు. బంకు లైసెన్సు కోసం రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఈ కనకే. కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోలు కొనుక్కునే కొండకి ఒక బంకు రావాలని పట్టుబట్టిన మనిషి.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? రెండేళ్ళు కాళ్ళరిగినాయి మాకు. ఇయ్యాల నువ్వొచ్చి అడ్డం కూకుంతావా?"

"అప్పా, ఒక్క మాట అడుగుతాను సెప్పు. పొద్దున్న మంచు ఎటెల్తాది?"

"ఎటెల్తాదేటి, లోయలోకి దిగుతాది."

"పెట్రోలు గాలి కూడా అంతే. పైకెల్లిపోదు, పల్లానికి దిగుతాది. గొయ్యి దొరికితే గోతిలో కూకుంతాది, పైపు దొరికితే పైపులో పడి వచ్చీసి మన గదిలో తేలుతాది. పక్క గదిలో మీరు పన్నెండు మందీ కాఫీ పొయ్యి ఎలిగిత్తారు. నాను ఫ్యూజులిచ్చీమంతావా?"

 కనక కళ్ళు కాఫీ గది వైపు వెళ్ళి, అక్కడి గ్యాసు బండ మీద ఆగి, మళ్ళీ వెనక్కొచ్చాయి.

"అయితే ఆ పెట్టి ఇప్పి సూపీ" అంది. "సీలుందో నేదో నా కళ్ళతో నాను సూత్తాను."

"వేసిన సీలు విప్పకూడదు కనకమ్మా" అని రవిబాబు అడ్డొచ్చాడు.

"సీలు విప్పక్కర్లేదు సార్" అంది సుజానా. "పొడి పోసేందుకు పైన మర బిళ్ళ ఉంటుంది. అది తీస్తే చాలు, లోపల రాయి కనబడాలి. రాయి కనబడిందా, ఫ్యూజులు నేనే పెట్టేస్తాను. అందరి ముందూ మీకు దణ్ణం పెట్టి మరీ పెడతాను."

పన్నెండు మంది ఆడవాళ్ళ ఎదుట ఆ మాటకి కాదనడం రవిబాబు వల్ల కాలేదు.

ఫోన్లన్నీ గేటు దగ్గర బుట్టలో పెట్టించింది సుజానా. రవిబాబు మాత్రం తన ఫోను జేబులోంచి తియ్యకుండా గుమ్మానికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"కరెంటు ఇంకెక్కడి నుంచీ రాదు కదే?" అనడిగింది కనక, గుమ్మంలో కాలు పెట్టబోతూ.

"రాదప్పా. ఎనకాల జనరేటరుంది గానీ దాని కేబులు ఇంకా బోర్డుకి కలపనేదు. నాలుగు రోజుల కింద సుట్ట సుట్టి ఉన్నాది, నానే సూసినాను."

గుంపు చివర సుజానా తండ్రి గాసి నిలబడి ఉన్నాడు. పెద్దాయనకి ఇద్దామని సొరకాయ బుర్ర నిండా కొండతేనె తెచ్చాడు. గాసి చర్చికి వెళ్ళడు, కొండదేవతకి కోడిని కోస్తాడు. సుజానా అన్న పేరు తల్లి సంతోషమ్మ పాస్టరు చేత పెట్టించింది. ఆ పేరు పలకడం గాసికి ఇప్పటికీ చేతకాదు, అందుకే పిల్లా అన్నట్టు గుంటా అంటాడు. తేనె పట్టు తియ్యడంలోనూ, దాని మైనంతో బుర్రలకి బీటలు పూడ్చడంలోనూ గాసిని మించినవాడు చింతపల్లి దాకా లేడు. ఈ చలికాలం బంకు పనిలో కూలీగా అతన్ని పెట్టించింది కూతురే.

సుజానా గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇనుముకి ఇనుము తగిలితే రవ్వ లేస్తుందని ఇత్తడి పానాతో బిళ్ళ తిప్పింది. లోపల చీకటి. కనక కాఫీ గదిలోంచి చేతి అద్దం తెచ్చి, గుమ్మంలో నిలబడి అప్పుడే వస్తున్న ఎండని పట్టి పెట్టె మీదకి కొట్టింది.

లోపల రాయి లేదు. పసుప్పచ్చగా, మెత్తగా, ఒక పక్కకి ఒరిగిపోయిన ముద్ద ఉంది. అంచు ఇనుమునుంచి విడిపోయి వేలెడు సందు పడింది. ఆ సందులోంచి పెట్రోలు వాసన ముక్కు పొడిచేస్తోంది. ముద్దలో అడ్డతీగ నార పీచు కలిపి ఉంది. పైన బొటనవేలు నొక్కి, కుడివైపు తిప్పి వదిలిన గుర్తుంది.

ఆ గుర్తు సుజానాకి తెలుసు. ఇంట్లో తేనె బుర్రకి ఉంది, గంటె గింజలు పోసే బుర్రకి ఉంది, చిన్నప్పుడు బడికి నీళ్ళు పట్టుకెళ్ళిన బుర్రకి ఉంది. 

"ఏటే, ఏటున్నాది?" అంది కనక.

సుజానా లేచి బయటికొచ్చింది. ఆమె మొహం చూసి రవిబాబు గబగబా లోపలికెళ్ళి, వంగి చూసి, అంతే గబగబా బయటికొచ్చాడు. ఇందాకటి కంగారు ఆయన మొహంలో లేదు. ఆమెని కాస్త పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ మైనం ఎవరిదో ఈ కొండ మీద అందరికీ తెలుసు. నేను సీలు వెయ్యమన్నాను, మీ నాన్న మైనం పెట్టాడు. కేసంటూ అయితే ఎవరి మీద అవుతుంది? నా మీదా, కూలీ మీదా? ఆలోచించుకో. ఫ్యూజులు పెట్టెయ్యి. పెద్దాయన రిబ్బను కత్తిరించి అరగంటలో వెళ్ళిపోతారు. వారం తిరక్కుండా మంచి సీలు నేనే వేయిస్తాను. గాసి పేరు ఎక్కడా రాదు. నీ లైసెన్సుకీ మచ్చ రాదు."

సుజానాకి ఆశ పుట్టింది. పుట్టలేదని ఎందుకు అబద్ధం రాయాలి? ఒక్క వారమే కదా అనిపించింది. కిటికీలు తెరిచి ఉంచితే ఏమవుతుందిలే అనిపించింది. పోలీసు జీపులో తండ్రి కూర్చున్నట్టు కళ్ళకి కట్టింది. అటు చూస్తే కనక ఇంకా అద్దం పట్టుకునే నిలబడి ఉంది. ఆమె వెనక సంఘం ఆడవాళ్ళంతా ఒకే రంగు చీరల్లో, తలల్లో బంతిపూలు పెట్టుకుని, సుజానా ఏం చెబుతుందా అని చూస్తున్నారు. రేపట్నించి ఆ గది పక్కన పొయ్యి వెలిగించేది వాళ్ళే.

"అప్పా!" అంది సుజానా, రోడ్డు మీది జీపుల వాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా. "సీలు నేదు. లోపల మైనముంది. అది మా నాన్న పెట్టిన మైనం."

 గుంపు రెండుగా చీలి గాసికి దారిచ్చింది.

గాసి సిగ్గుపడతాడనుకున్నారంతా. సిగ్గు పడలేదు సరికదా, మెచ్చుకోడానికి పిలిచినట్టే ముందుకొచ్చాడు.

"అవును, నానే పెట్టినాను. మంచి మైనం. పెద్దపట్టుది" అన్నాడు. "నువ్వు పరీచ్చకి ఇశాపట్నం ఎల్నావు సూడు, అప్పుడు. ఆ బూడిద పొడి సంచి మంచులో ఒగ్గీసినారు. నీరట్టీసి గట్టిపడిపోనాది, సుత్తెట్టి కొట్టినా పగల్నేదు. రవిబాబుకి సెప్పినాను. ఏదోటెట్టి మూసీరా, మట్టైనా పర్నేదు అన్నాడు. మట్టెట్టడానికి నాకు సేతులు రానేదు గుంటా. నువ్వు వైర్లు లాగిన పైపు కదేటి అది. మట్టెలగ ఎడతాను? ఇంటికెల్లి మైనం తెచ్చినాను. నార కలిపి, ఎండలో కాసి, నొక్కి నొక్కి ఎట్టినాను."

సుజానా ఏడుపు బిగపట్టుకుంది. ఇంత బాగా చేసిన తప్పుని ఎలా తప్పనాలి?

"నాన్నా, నీ మైనం నీళ్ళనాపుతాది, తేనెనాపుతాది, జీలుగు కల్లునాపుతాది. పెట్రోలునాపనేదు. సలికి బిగిసి ఇనుముని ఒగ్గీసింది. పెట్రోలు గాలికి నడుమంతా మెత్తబడిపోనాది."

గాసి నమ్మలేదు. లోపలికెళ్ళి, వంగి, పెట్టెలోంచి చిటికెడు మైనం గిల్లి తెచ్చాడు. వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడూ తేనె వాసన, పూల వాసన వేసే మైనం అది. మళ్ళీ వాసన చూశాడు. అప్పుడు మాత్రం అతని మొహం వాడిపోయింది.

"ఇలగవుతాదని నాకెవులు సెప్పినారు?" అన్నాడు మెల్లగా.

"ఇది వింత కాదేంట్రా గాసీ" అని అందుకున్నాడు రవిబాబు. "పెట్రోలుకి మైనం పెడతారా ఎవరైనా? చూశారుగా కనకమ్మా, చేసింది వీడు..."

"మా నాన్నని వీడూ, ఒరే అనకండి సార్" అంది సుజానా. ఏడుపు ఎటు పోయిందో పోయింది. "ఆయన మైనం పెట్టాడు, ఒప్పుకున్నాడు. మట్టైనా పర్లేదన్న మీరు ఏం ఒప్పుకుంటారు? పెట్టెకి వెండి రంగు పూసి ఫోటో తీసినప్పుడు లోపల ఏముందో మీరు చూశారా? చూడకపోతే అదో తప్పు. చూసి పూస్తే ఇంకో తప్పు. ఏది చేశారో మీరే చెప్పండి, కనకప్ప రాసుకుంటుంది."

"నోరు లేత్తందే నీకు! నీ లైసెన్సు సంగతి నాను సూత్తానుండు!" అన్నాడు రవిబాబు. కోపం హద్దు దాటితే ఆయన టౌను భాష జారిపోయి అసలు భాష బయటపడుతుంది.

"సూసుకో బాబూ" అన్నాడు గాసి. తేనె బుర్ర కింద పెట్టి కూతురి పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ముందు నా పేరు రాసుకో. గాసి మైనం ఎట్టినాడని రాసుకో, నాను ఏలిముద్ర ఏత్తాను. ఆ పక్కనే మట్టెట్టమన్నది ఎవులో కూడా రాయి. రెండూ ఉంటేనే ఏత్తాను."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. కనక నవ్వలేదు. చేతిలోని అద్దం బొడ్డులో దోపుకుని గేటు వైపు నడిచి, కట్టిన రిబ్బను ఒక కొస విప్పేసింది.

"ఇయ్యాల బంకు తెరవం" అంది.

"పెద్దాయన వచ్చేస్తున్నారు కనకమ్మా!"

"రానీ. పొయ్యి ఎలిగించం కాబట్టి కాఫీ కూడా నేదు. గాసి తేనె తెచ్చినాడు కదా, రెండు సుక్కలు నాకి ఎల్తాడు. మా పన్నెండు మంది సచ్చినాక ఆయనొచ్చి దండెయ్యడం కన్నా అదే మేలు." సుజానా వైపు తిరిగింది. "ఎన్ని రోజులు కావాలే?"

"రెండు రోజులప్పా. కొత్త పొడి ఇశాపట్నం నుంచి రావాలి. ఈ సలిలో పొద్దున్న పోత్తే గట్టిపడదు. మిట్టమద్దేనం పోసి, గోనెలు కప్పి, ఒక రోజు ఆగాలి."

"రెండేళ్ళు ఆగినోళ్ళం, రెండు రోజులాగనేమా?"

రవిబాబు వాచీ చూసుకున్నాడు. పదీ ఇరవై.  ఫోను చెవికి ఆనించుకుని బిల్డింగు వెనక్కి నడిచాడు. ఓడిపోయిన మనిషి అలా మాటా పలుకూ లేకుండా వెళ్ళడేమో అని సుజానాకి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఆమెకి ఆ నిమిషంలో చలి కూడా తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంతమంది ముందు నిలబడి కాదని చెప్పడం ఇదే మొదలు. సంచీలోంచి మూడు ఫ్యూజులూ తీసి, ఉన్నాయా లేవా అన్నట్టు చేతిలో పట్టుకుని చూసుకుంది.

"గుంటా" అన్నాడు గాసి. "ఆ మైనం నాను తీసీనా? నా సేత్తో ఎట్టింది నా సేత్తోనే తీత్తాను."

కొత్త సీలు పొయ్యాలంటే అదంతా ఎలాగూ గీకెయ్యాలి. కరెంటా, లేదు. ఫ్యూజులు తన చేతిలోనే ఉన్నాయి. వద్దంటే తండ్రి మనసు ఇంకా విరిగిపోతుంది.

"కత్తి వొద్దు నాన్నా. ఇనుము ముట్టుకోకు. వెదురు పుల్లతో తియ్యి" అంది.

గాసి గేటు పక్కనున్న తడిక లోంచి ఒక వెదురు బద్ద లాక్కుని, ఒంగి బోర్డు గదిలోకి వెళ్ళాడు. కనక ఆడవాళ్ళని పోగేసి, పెద్దాయనకి ఏమని చెప్పాలో నేర్పిస్తోంది. సుజానా ఒక చెవి అటు పెట్టి, ఒక కన్ను తండ్రి మీద వేసి నిలబడింది. ముద్దలు ముద్దలుగా మైనం తీసి పక్కన పెడుతున్నాడాయన. తీసిన ప్రతి ముద్దనీ వాసన చూస్తున్నాడు.

అప్పుడు బిల్డింగు వెనక దడదడమని చప్పుడు మొదలైంది. టూరిస్టు బస్సేదో ఘాటీ ఎక్కుతోందనుకుంది సుజానా. చప్పుడు ఎక్కడికీ కదల్లేదు. ఉన్నచోటే పెరుగుతోంది. మరుక్షణం గేటు మీద స్వాగత ద్వారానికి చుట్టిన రంగు బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి.

ఆమె చేతిలో ఫ్యూజులు మూడూ అలాగే ఉన్నాయి.

నాలుగు రోజుల కిందట చుట్ట చుట్టి ఉన్న కేబులు. నాలుగు రోజులు. ఈలోపల రవిబాబు ఎవరితోనో దాన్ని బోర్డుకి కలిపించేశాడు.

"నాన్నా! బయటికి రా! నాన్నా!"

జనరేటరు చప్పుడులో ఆ కేక సగం దూరం కూడా వెళ్ళలేదు. సుజానా పరిగెత్తింది. గదిలో గాసి ఆఖరి ముద్ద పెకలించి, పైపు నోరంతా శుభ్రంగా తుడిచి, చేసిన పని కూతురికి చూపిద్దామని ఇటు తిరిగాడు. ఆ పైపుకి ఇప్పుడు మైనం మూత కూడా లేదు. గాసి తల మీద, రాత్రి ఎవరూ ఆర్పని ట్యూబులైటు స్టార్టరు టిక్కు, టిక్కుమంటూ వెలగబోతోంది.